బాలికలు – విజ్ఞానశాస్త్ర విద్య

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములు పూర్వపు చిత్తూరు జిల్లాకు పడమటనున్న మెట్టసీమలోనివి. ఇచ్చట వర్షము తక్కువ. చెరువులు, గొట్టపుబావులే ఆధారము. పాలు పిదుకుట, నీరు మోయుట, తోటలో టమాటాలు ఏరుట మొదలగు పనులలో బాలికలు తల్లులకు తోడ్పడుచుందురు. ఈ పనులన్నిటి వెనుక శాస్త్రమున్నది. కాని దానిని చదువవలసిన వయసు వచ్చునప్పటికి, “ఆడపిల్లకు ఈ లెక్కలెందుకు?” అను ప్రశ్న పెక్కు ఇండ్లలో పుట్టుచున్నది. ఈ ప్రశ్నను కొంచెము పరిశీలింతము.

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశములోని పెద్ద మార్కెట్లలో ఒకటి. టమాటా చెట్టునుండి కోసిన పిదప కూడ శ్వాసించుచునే యుండును. పండుచున్న కాయనుండి ఇథిలీన్ అను వాయువు వెలువడి, ప్రక్కనున్న కాయలను త్వరగా పండించును. ఎండ హెచ్చినకొలది ఈ క్రియ వేగము హెచ్చును. అందుచేతనే ధర పడిపోయిన దినమున రైతు సరుకును నిలువ ఉంచుకొనలేడు. మిగులపండిన కాయను బుట్టనుండి వేరుచేయు బాలికకు ఈ సంగతి అనుభవముచే తెలియును. కారణము మాత్రము ఎవరును చెప్పియుండరు. ఆ కారణము తెలిసినవారే శీతల గిడ్డంగులను నిర్మించుచున్నారు.

పుంగనూరు ఆవు ప్రపంచములోని మిక్కిలి పొట్టి పశుజాతులలో ఒకటి. దీని ఎత్తు సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్లు. తక్కువ మేతతో బ్రతుకును. పాలలో వెన్న అధికము. ఇతర జాతులతో సంకరమగుటవలన అచ్చమైన పుంగనూరు పశువులు అరుదైనవి. పలమనేరులోని పశు పరిశోధనాస్థానము ఈ జాతిని కాపాడుచున్నది. ఇందొక చిక్కు కలదు. పశువుల సంఖ్య స్వల్పమైనప్పుడు దగ్గర రక్తసంబంధము గల వాటినే జతపరచినచో, మరుగుననున్న లోపములు దూడలలో బయటపడును. కావున ఏ ఆవు ఏ ఆబోతు సంతానమో వ్రాసియుంచి, లెక్కించి జతపరుపవలెను. ఇదియే జన్యుశాస్త్రమునకు పని.

కుప్పము ప్రాంతమున 1990ల దశాబ్దములో ఇజ్రాయెల్ దేశపు నైపుణ్యముతో బిందుసేద్యము చేపట్టబడినది. గొట్టముల ద్వారా నీటిని బొట్టుబొట్టుగా వేరు దగ్గరనే విడుచుటచే, ఆవిరియై పోవు నీరు తగ్గును. అయితే నేల సమముగా లేనిచోట పల్లమున ఒత్తిడి ఎక్కువై, అచ్చటి మొక్కలకు నీరు హెచ్చుగా పోవును. దానిని సవరించుటకు భౌతికశాస్త్రము, గణితము రెండును కావలెను. “లెక్కలెందుకు?” అను ప్రశ్నకు పొలమే జవాబు చెప్పుచున్నది.

మరి ఈ విద్య బాలికలకు సాధ్యమా? 1919లో మద్రాసులో తెలుగు కుటుంబమున జన్మించిన అయ్యలసోమయాజుల లలితకు 15వ ఏట వివాహమైనది. 18వ ఏట భర్త మరణించెను. అప్పటికి కుమార్తె వయసు నాలుగు నెలలు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. 1940లో ఆమె ఆ కళాశాలలోనే విద్యుత్ ఇంజనీరింగులో చేరెను. తరువాత మరి ఇద్దరు స్త్రీలు, పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి, అచ్చట సివిల్ ఇంజనీరింగున చేరిరి. పట్టా కాగితము మీద ‘అతడు’ అనియే అచ్చువేసి యుండుటచే, దానిని కొట్టివేసి ‘ఆమె’ అని వ్రాయవలసి వచ్చినది. తరువాతి కాలమున ఆమె భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ ప్రసార మార్గముల రూపకల్పనలో పనిచేసెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ మహాసభకు హాజరయ్యెను.

ఈ చరిత్రలో గమనింపదగిన విషయమొకటి కలదు. లలితకు బుద్ధి ఉన్నది. కాని తండ్రి ప్రోత్సహింపకున్నను, కళాశాల అనుమతింపకున్నను, బిడ్డను బంధువులు చూచుకొనకున్నను ఆ బుద్ధి వెలుగులోనికి వచ్చెడిది కాదు. బాలికలకు లోపించినది శక్తి కాదు, అవకాశము.

నేడు అవకాశములు పెరిగినవి. పదవ తరగతి పిదప పాలిసెట్ వ్రాసి మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరవచ్చును. ఇంటర్మీడియేటులో గణిత, భౌతిక, రసాయనశాస్త్రములు తీసికొన్నవారికి ఇంజనీరింగు, జీవశాస్త్రములు తీసికొన్నవారికి వైద్యము మొదలగునవి లభించును. ఐ.ఐ.టి.లలో 2018 నుండి బాలికలకై అదనపు సీట్లు ఏర్పరచిరి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ‘ప్రగతి’ పేరిట ఏటా 50,000 రూపాయల విద్యార్థివేతనమిచ్చుచున్నది. కుటుంబాదాయము 8 లక్షల రూపాయలు మించరాదు. ఒక ఇంటినుండి ఇద్దరు బాలికలు పొందవచ్చును. తిరుపతిలో 1983లో స్థాపింపబడిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము ఈ ప్రాంతపు బాలికలకు దగ్గర. పదవ తరగతి తరువాత గణితమును విడిచిన బాలికకు ఇంజనీరింగు తలుపు మూసికొనును గనుక, ఈ వివరములు తొమ్మిదవ తరగతిలోనే తల్లిదండ్రులకు తెలియవలెను.

ఉపాధ్యాయులు చేయదగిన పని మరియొకటి కలదు. ప్రయోగశాలలో బాలురు పరికరములు పట్టుకొనుట, బాలికలు రికార్డు వ్రాయుట చాల తావుల వాడుకయైనది. వ్రాత ఎంత చక్కగా నున్నను, తీగ కలుపని చేతికి విద్యుత్తు మీద భయము పోదు. కావున ప్రతి ప్రయోగమునందును పనులు మార్చి మార్చి అప్పగింపవలెను. అమ్మీటరును బాలిక చేతికిచ్చి, ఒకమారు తప్పు చేయనిచ్చి, ఆ తప్పును ఆమెచేతనే దిద్దింపవలెను. దీనికి ప్రత్యేక వ్యయమేమియు లేదు; ఏ పాఠశాలయైనను రేపటినుండియే ఆరంభింపవచ్చును.