పాలమూరు వలసలు: కరువు ఒక్కటే కారణమా?

వలసను వర్షాభావానికి పర్యవసానంగా పరిగణించడం పరిపాటి. అయితే ఒకే వర్షపాతం పొందిన ఒకే గ్రామంలో కొన్ని కుటుంబాలు వలస వెళ్తాయి, మరికొన్ని ఊరిలోనే నిలుస్తాయి. కనుక ఆ వివరణ అసంపూర్ణం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరు, ఇందుకు తగిన ఉదాహరణ.

కృష్ణా, తుంగభద్ర నదులు ప్రవహిస్తున్నా ఈ జిల్లా సాగు దశాబ్దాలపాటు ప్రధానంగా వర్షంపైనే ఆధారపడింది. ఎర్ర చల్క నేలలు తేమను ఎక్కువ కాలం నిలుపుకోలేవు. వానాకాలం పంట ఇంటికి చేరాక తొలకరి వరకు పొలంలో పని కొరవడుతుంది. ఈ విరామంలోనే పాలమూరు కూలీలు దేశం నలుమూలలా ఆనకట్టలు, కాలువలు, భవనాల నిర్మాణానికి తరలివెళ్లారు. నారాయణపేట ప్రాంతం నుంచి ముంబయి వలస నేటికీ సుపరిచితమే.

ఎవరెట్ లీ 1966లో వలసను నిర్ణయించే అంశాలను నాలుగుగా విభజించాడు: స్వస్థలంలోని పరిస్థితులు, గమ్యస్థానంలోని పరిస్థితులు, నడుమ ఉండే అవరోధాలు, వ్యక్తిగత కారణాలు. పాలమూరులో మూడవ అంశం కీలకమైనది. దారి ఖర్చులు లేని, నగరంలో పరిచయాలు లేని పేద కుటుంబానికి ఆ అవరోధాన్ని తొలగించేవాడు మేస్త్రీ. అతడు ముందుగా ఇచ్చే అడ్వాన్సుతో పాత బాకీలు తీరుతాయి. ఆ మొత్తం కూలి రూపంలో చెల్లు కావాలి. చెల్లు కాకపోతే మరుసటి ఏడూ ప్రయాణం తప్పదు. అందువల్ల వర్షాలు బాగా కురిసిన సంవత్సరంలోనూ వలస ఆగదు. కరువు వలసను ఆరంభిస్తే, అప్పు దానిని కొనసాగిస్తుంది.

2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏటా 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. కానీ పని ముగిశాక అందే వేతనం, పనికి ముందే చేతికందే అడ్వాన్సుకు పూర్తి ప్రత్యామ్నాయం కాలేకపోయింది.

సాగునీరు ఈ చిత్రాన్ని కొంత మార్చింది. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీరు అందిన చోట్ల రెండవ పంటకు అవకాశం కలిగింది. నేడు తెలంగాణలో వరి నాట్లకు బీహారు, పశ్చిమ బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. ఒకనాడు కూలీలను పంపిన నేలే నీరు చేరితే కూలీలను రప్పించగలదు. నీరు చేరని గ్రామాలలో మాత్రం పాత పరిస్థితులు పూర్తిగా తొలగలేదు.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇక్కడ గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, శిక్షణ కార్యక్రమాలను రైతులు ఊరిలో ఉండే నెలలలో నిర్వహించాలి. రెండవది, భర్త వలసలో ఉన్నప్పుడు సేద్యం నడిపే మహిళను రైతుగా గుర్తించి, సాంకేతిక సలహాను నేరుగా ఆమెకే అందించాలి. మూడవది, వేసవి పశుగ్రాసం, కూరగాయల వంటి పథకాలను సూచించేముందు ఆ ఇంట పనిచేయగలవారు ఎందరు మిగిలారో తెలుసుకోవాలి.

పంట రుణం సకాలంలో అందడం కూడా అంతే ముఖ్యం. మేస్త్రీ అడ్వాన్సు తీసుకున్న తరువాత మంజూరైన రుణం ఆ కుటుంబం ప్రయాణాన్ని ఆపలేదు.