ప్రసూతి నర్సింగ్ శిక్షణలో అనుకరణాభ్యాసం – ఆసుపత్రి అనుభవం: మెదక్ వ్యవహార దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రసూతి నర్సింగ్ విద్యలో సిమ్యులేషన్, అనగా అనుకరణాభ్యాసం, ఆసుపత్రిలోని ప్రత్యక్షానుభవానికి ఎంతవరకు తోడు కాగలదో, అందులో గర్భిణి మాట్లాడే తెలుగుకు ఉండవలసిన స్థానమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రసూతి నర్సింగ్, అనుకరణాభ్యాసం, కాన్పుగది, మాండలికం, మెదక్.

1. ఉపోద్ఘాతం

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని సామెత. ఏది వస్తుందో ముందుగా తెలియకపోవడమే ఆ వృత్తిలోని కష్టం. పూర్వం మంత్రసాని మరొక అనుభవజ్ఞురాలి పక్కన ఏళ్ల తరబడి ఉండి నేర్చుకొనేది. నేటి విద్యార్థినికి అంత వ్యవధి లేదు. కాన్పుగదిలో ఆమె గడిపే కొద్ది వారాల్లో తీవ్ర రక్తస్రావంగాని, గుర్రపువాతంగాని ఎదురుపడకపోవచ్చు. ఎదురైనా ఆమెను పక్కకు తప్పుకొమ్మంటారు. అది న్యాయమే.

తెలంగాణలో మరొక చిక్కు ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి; మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. అంటే అరుదైన ఆపదలే కాదు, సహజ ప్రసవం సైతం విద్యార్థిని కంటబడే అవకాశం తగ్గుతున్నది. ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నంగానే 2017లో ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి.

2. అనుకరణాభ్యాస స్వరూపం

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దిలో మదామ్ దు కుద్రే గుడ్డ, తోలు మొదలైనవాటితో కాన్పు నమూనా తయారుచేసి, 1759లో పదిహేనవ లూయీ అనుమతి పొంది, ఫ్రాన్స్ అంతటా తిరుగుతూ పల్లె స్త్రీలకు ప్రసవవిద్య నేర్పింది. నేటి మామానటాలీ నమూనాను ఒక మనిషి పొట్టకు కట్టుకొంటుంది. బిడ్డ రాకను, మాయ పడడాన్ని, రక్తస్రావాన్ని ఆమే నడుపుతుంది. విద్యార్థిని తప్పు చేసినా ఎవరికీ హాని లేదు, మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఆసుపత్రి గంటల్లో సగం వరకు ఈ అభ్యాసానికి ఇచ్చినా విద్యార్థుల సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని అమెరికా జాతీయ నర్సింగ్ మండలుల సమాఖ్య 2014లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. దానిని ఇక్కడికి యథాతథంగా అన్వయించడం తొందరపాటు. అక్కడ శిక్షణ పొందిన అధ్యాపకులున్నారు, ప్రతి అభ్యాసం తరువాత విమర్శనాత్మక చర్చ జరిగింది. ఆ చర్చ లేకపోతే మిగిలేది బొమ్మలాటే.

3. భాషాసమస్య

నమూనా కట్టుకొన్న మనిషి మాట్లాడగలదు. ఈ సౌలభ్యాన్ని మనం తగినంతగా వాడుకోవాలి. నర్సింగ్ పాఠ్యం ఆంగ్లంలో సాగుతుంది. అధిక రక్తపోటు ముదిరినప్పటి లక్షణాలుగా తీవ్రమైన తలనొప్పినీ, చూపు మసకబారడాన్నీ విద్యార్థిని అందులోనే చదువుకొంటుంది. మెదక్ పల్లెల నుండి వచ్చిన గర్భిణి మాత్రం ‘నెత్తి వలిగినట్టు నొస్తుంది, కండ్లు మసుక మసుకగున్నయి’ అంటుంది. దీనిని అలసటగా భావించి కొట్టివేస్తే జరిగే నష్టం చిన్నది కాదు. గుర్రపువాతానికి అదే ముందస్తు హెచ్చరిక కావచ్చు.

కాబట్టి అభ్యాస సన్నివేశాలను ప్రమాణభాషలోకి అనువదించి ఊరుకొంటే చాలదు. కాన్పుగదిలో స్త్రీలు వాడే మాటలను వారి అనుమతితో, పేర్లు లేకుండా సేకరించాలి. ఆ పని తెలుగు శాఖలు నర్సింగ్ అధ్యాపకులతో కలిసి చేయవచ్చు. అయితే నొప్పుల మధ్య సగంలో ఆగిపోయిన మాటను, సిగ్గుతో చెప్పకుండా మింగేసిన మాటను ఏ సన్నివేశపత్రంలోనూ రాయలేము. వాటిని పట్టుకోవడం మంచం పక్కన నిలబడినప్పుడే అలవడుతుంది.