బీరువాలో పెట్టిన ఫోన్ బ్యాటరీ ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఈరోజు ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ గురించి కాదు, మీ ఇంట్లో ఏ డ్రాయర్‌లోనో, ఏ బీరువాలోనో పడి ఉన్న పాత ఫోన్ గురించి మాట్లాడుకుందాం. దాంతోపాటు పవర్ బ్యాంక్, ఎమర్జెన్సీ లైట్, దోమల బ్యాట్, పార్కింగ్‌లో కవర్ కప్పి పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్. వీటన్నిటికీ ఒక కామన్ పాయింట్ ఉంది. వాడకుండా వదిలేసినా వీటి బ్యాటరీ పాడవుతుంది.

"నేను అసలు ముట్టుకోనే లేదు కదా, ఎలా పోయింది?" అని చాలామంది అడుగుతారు. ముట్టుకోకపోవడం వల్లే పోయి ఉండొచ్చు. ఎందుకో చూద్దాం. ఏ బ్యాటరీని ఎంత ఛార్జ్‌తో దాచాలో చివర్లో చెప్తాను, అక్కడ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒక ప్రశ్న కాదు, మూడు

"బ్యాటరీ ఎన్నాళ్ళు ఉంటుంది?" అనేది వినడానికి ఒక్క ప్రశ్నలా ఉంటుంది కానీ, అందులో మూడు ఉన్నాయి. ఒక మట్టి కుండని ఊహించుకోండి. నీళ్ళు పోసి పక్కన పెట్టారు. కొన్నాళ్ళకి నీళ్ళు కొంచెం కొంచెంగా చెమ్మగిల్లి తగ్గిపోతాయి. ఇది మొదటిది. మళ్ళీ నింపితే సరిపోతుంది, నష్టం ఏమీ లేదు. రెండోది, కుండే చిన్నదైపోవడం. నిజం కుండకి ఇలా జరగదు కానీ బ్యాటరీకి జరుగుతుంది. ఎంత నింపినా ఇదివరకు పట్టినన్ని నీళ్ళు పట్టవు. మూడోది, కుండ పగిలిపోవడం. ఇంక నింపడానికే లేదు.

బీరువాలో ఉన్న బ్యాటరీకి ఈ మూడూ జరుగుతుంటాయి, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో స్పీడ్‌లో. మనం మొదటిదాని గురించే కంగారు పడతాం. అసలు నష్టం మిగతా రెండిట్లో ఉంది.

నీళ్ళు తగ్గడం: సెల్ఫ్ డిశ్చార్జ్

వాడకపోయినా ఛార్జ్ దానంతట అదే తగ్గిపోవడాన్ని సెల్ఫ్ డిశ్చార్జ్ అంటారు. లోపల చిన్న చిన్న రసాయన చర్యలు ఆగకుండా జరుగుతూ ఉండటమే దీనికి కారణం. ఎంత వేగంగా తగ్గుతుందనేది బ్యాటరీ రకాన్ని బట్టి ఉంటుంది.

కెమెరా ఫ్లాష్‌లలో, బొమ్మల్లో వేసే రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్ చూసే ఉంటారు. అవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. పాత తరం సెల్స్ అయితే నెలకి సుమారు 20 నుంచి 30 శాతం ఛార్జ్ పోగొట్టుకునేవి. ఫుల్‌గా ఛార్జ్ చేసి మూడు నాలుగు నెలల తర్వాత తీస్తే దాదాపు ఖాళీ. 2005లో జపాన్ కంపెనీ సాన్యో ఎనెలూప్ అనే సెల్ తెచ్చి ఈ కథ మార్చేసింది. ఏడాది పక్కన పెట్టినా ఎక్కువ భాగం ఛార్జ్ అలాగే ఉండేది. అందుకే వాటిని ముందే ఛార్జ్ చేసి అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత సాన్యో పానాసోనిక్‌లో కలిసిపోయింది, ఆ సెల్స్ ఇప్పటికీ వస్తున్నాయి.

మన ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో, పవర్ బ్యాంకుల్లో ఉండేది లిథియం అయాన్. ఈ విషయంలో ఇది చాలా మంచి పిల్ల. సెల్ వరకు చూస్తే నెలకి 1 నుంచి 2 శాతమే తగ్గుతుంది. దానికి అంటుకుని ఉండే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఇంకొంచెం తాగుతుంది. అంటే 50 శాతం ఛార్జ్‌తో స్విచ్ఛాఫ్ చేసి పెట్టిన ఆరోగ్యంగా ఉన్న ఫోన్‌లో ఆరు నెలల తర్వాత కూడా మామూలుగా కొంత ఛార్జ్ మిగిలే ఉంటుంది. స్విచ్ఛాఫ్ చేసి అన్నాను, గమనించారా? ఆన్‌లో వదిలేస్తే అది స్టోరేజ్ కాదు. అది నెట్‌వర్క్ వెతుక్కుంటూనే ఉంటుంది, కొన్ని రోజుల్లోనే ఖాళీ.

కుండ చిన్నదవడం: వయసు మీద పడటం

లిథియం అయాన్ బ్యాటరీలో ఒక పక్క గ్రాఫైట్ ఉంటుంది. బ్యాటరీని ఫ్యాక్టరీలో మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడే, పాల మీద మీగడ కట్టినట్టు, ఆ గ్రాఫైట్ మీద ఒక సన్నటి పొర కడుతుంది. ఆ పొర కావాలి, అది లేకపోతే బ్యాటరీ నిలబడదు. ప్రాబ్లమ్ ఏంటంటే ఆ పొర అక్కడితో ఆగదు. ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా మందమవుతూనే ఉంటుంది. అలా మందమైన ప్రతిసారీ లోపలి లిథియంలో కొంచెం అందులో ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్న లిథియం ఇంక కరెంటు మోయలేదు. మీ 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 4500 అయిందంటే, దానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఈ పొర పెరగడాన్ని స్పీడ్ చేసేవి రెండు. ఒకటి వేడి. రెండోది ఫుల్ ఛార్జ్. ఫుల్‌గా ఉన్నప్పుడు సెల్ వోల్టేజ్ 4.2 దగ్గర, కొత్త ఫోన్లలో అంతకంటే కొంచెం పైన ఉంటుంది. ఆ స్థితిలో లోపల అంతా బిగబట్టి కూర్చున్నట్టు ఉంటుంది, అక్కర్లేని రియాక్షన్లు ఎక్కువవుతాయి.

బ్యాటరీ రంగంలో తరచూ చూపించే అంచనాలు కొన్ని చెప్తాను. లిథియం అయాన్ బ్యాటరీని ఒక ఏడాది పక్కన పెట్టేస్తే ఎంత కెపాసిటీ మిగులుతుంది? 25 డిగ్రీల దగ్గర, 40 శాతం ఛార్జ్‌తో పెడితే సుమారు 96 శాతం. అదే 25 డిగ్రీల దగ్గర 100 శాతం ఛార్జ్‌తో పెడితే సుమారు 80 శాతం. ఇప్పుడు టెంపరేచర్ పెంచుదాం. 40 డిగ్రీల దగ్గర, 40 శాతం ఛార్జ్‌తో అయితే 85. అదే 40 డిగ్రీల దగ్గర ఫుల్ ఛార్జ్‌తో అయితే 65 శాతం మాత్రమే.

ఇవి సుమారు లెక్కలు, సెల్ తయారీని బట్టి మారతాయి. కానీ ఆ తేడా చూడండి. ఒకే బ్యాటరీ, ఒకే ఏడాది, ఒక్కసారి కూడా వాడలేదు. చల్లగా సగం ఛార్జ్‌తో ఉంటే నూటికి నాలుగు పోయాయి. వేడిలో ఫుల్‌గా ఉంటే ముప్పై ఐదు పోయాయి.

ఇప్పుడు 40 డిగ్రీలంటే మనకి పెద్ద విషయమా? మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో అది మామూలు మధ్యాహ్నం. పైకప్పు రేకులైనా, బీరువా పడమటి గోడకి ఆనుకుని ఉన్నా లోపల ఇంకా వేడి. ఇక ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ అయితే 60 డిగ్రీలు కూడా దాటొచ్చు. పవర్ బ్యాంక్‌ని ఫుల్ ఛార్జ్ చేసి కార్లో వదిలేసే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి.

"అయితే ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోలా?" అంటారు. చల్లదనం మంచిదే కానీ ఫ్రిజ్‌లోంచి బయటికి తీయగానే తేమ పడుతుంది. ఫోన్ లోపల తేమ చేరితే బ్యాటరీ కంటే ముందు బోర్డు పోతుంది. ఇంట్లో ఎండ తగలని అర చాలు.

కుండ పగలడం: సున్నా కిందికి పడిపోవడం

ఫోన్ 0 శాతం చూపించి ఆఫ్ అయిందంటే బ్యాటరీ నిజంగా ఖాళీ అయిందని కాదు. సెల్ మరీ కిందికి పడిపోకుండా కొంచెం మిగిల్చి ఫోన్ తనంతట తాను ఆగిపోతుంది. అప్పటికి సెల్ సుమారు 3 వోల్ట్‌ల పైనే ఉంటుంది. ఆ కొంచెమే దానికి ప్రాణం. ఆ స్థితిలో మీరు డ్రాయర్‌లో పడేశారనుకోండి, సెల్ఫ్ డిశ్చార్జ్ ఆగదు కదా. నెలలు గడిచేకొద్దీ ఆ కొంచెం కూడా పోతుంది.

సెల్ 2.5 వోల్ట్‌ల కంటే బాగా కిందికి దిగి అక్కడే చాలాకాలం ఉండిపోతే, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత మీరు ఛార్జింగ్ పెడితే ఆ కరిగిన రాగి అక్కర్లేని చోట పేరుకుంటుంది. అది లోపలే షార్ట్ సర్క్యూట్ చేయొచ్చు, మంట కూడా రావొచ్చు. అందుకే ప్రొటెక్షన్ సర్క్యూట్ అలాంటి సెల్‌ని ఛార్జ్ చేయనివ్వదు. "ఛార్జింగ్ ఎక్కట్లేదు" అని మనం తిట్టుకుంటాం కానీ, అది మనల్ని కాపాడుతోంది.

కొన్నిచోట్ల బయటి నుంచి నేరుగా కరెంటు ఇచ్చి అలాంటి బ్యాటరీని "లేపుతారు". వారం పది రోజులు డెడ్‌గా ఉన్న ఫోన్‌ని దాని ఛార్జర్‌తోనే గంట వదిలితే లేస్తుంది, అది వేరు. ఏళ్ళ తరబడి పడుకున్నదాన్ని బలవంతంగా లేపొద్దు. కొత్త బ్యాటరీ వేయించుకోండి.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా తాతయ్య పోయాక ఆయన ఫోన్‌ని మా నానమ్మ చీరల మధ్య దాచుకుంది. మూడేళ్ళ తర్వాత ఆయన ఫొటోలు కావాల్సొచ్చి తీస్తే ఆన్ అవ్వలేదు. వెనక మూత కొంచెం పైకి లేచి ఉంది, అంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టకుండా రిపేర్ షాపుకి తీసుకెళ్ళాం. అక్కడి అన్న జాగ్రత్తగా పాతది తీసి కొత్తది వేశాడు. ఫోన్ ఆన్ అయింది. పిన్ నానమ్మకి నోటికొచ్చు. ఫొటోలే కాదు, ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా ఉన్నాయి.

ఎందుకు చెప్తున్నానంటే, బ్యాటరీ చనిపోయినంత మాత్రాన ఫొటోలు పోవు. అవి స్టోరేజ్ చిప్‌లో ఉంటాయి. కానీ ఉబ్బిన బ్యాటరీ స్క్రీన్‌ని, బోర్డుని నొక్కి పాడుచేయొచ్చు. మీ ఇంట్లో కూడా అలాంటి ఫోన్ ఉంటే అది ఇంకా ఆన్ అవుతున్నప్పుడే బ్యాకప్ తీసుకోండి, పిన్ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం గుచ్చొద్దు, నొక్కొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. సర్వీస్ సెంటర్‌కో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకో ఇవ్వండి. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ చెప్తున్నాయి.

సీసం బ్యాటరీకి రూల్ రివర్స్

ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. ఇన్వర్టర్ బ్యాటరీ, బైక్ బ్యాటరీ, చాలా చవక రకం దోమల బ్యాట్‌లు, పాత ఎమర్జెన్సీ లైట్లు, వీటిలో ఉండేది లిథియం కాదు, లెడ్ యాసిడ్. అంటే సీసం. దీన్ని సగం ఛార్జ్‌తో దాచారంటే చంపేసినట్టే. ఛార్జ్ తగ్గిన స్థితిలో ఉంచితే లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా అది కరగదు. ఒక సీజన్ అంతా అటక మీద ఉన్న దోమల బ్యాట్ తర్వాత టప్పుమనకపోవడానికి ఇదే కారణం.

కాబట్టి సీసం బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి పెట్టాలి, నెలకోసారి మళ్ళీ నింపాలి. 12 వోల్ట్‌ల బ్యాటరీ ఫుల్‌గా ఉండి కాసేపు ఊరికే ఉంటే 12.6 నుంచి 12.7 వోల్ట్‌లు చూపిస్తుంది. 12.4 కి దిగిందంటే ఛార్జ్ చేసే టైమొచ్చినట్టే.

అవసరం ముందు, ఆయుష్షు తర్వాత

ఇంకో ముఖ్యమైన మాట. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో చాలా ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి "బ్యాటరీ ఆయుష్షు కోసం నా పవర్ బ్యాంక్‌ని సగమే నింపాను" అంటే ఏం లాభం? సగం ఛార్జ్ రూల్ మనకి ఇప్పట్లో అక్కర్లేని వస్తువులకి. తుఫాను సీజన్‌లో, ప్రయాణం ముందు, ఇంట్లో పెద్దవాళ్ళకి బాగోలేనప్పుడు ఫుల్ చేసి పెట్టుకోండి. కొంచెం ఆయుష్షు తగ్గితే తగ్గనివ్వండి. బ్యాటరీ మన కోసం, మనం బ్యాటరీ కోసం కాదు.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోండి

పాత ఫోన్, ల్యాప్‌టాప్, టాబ్లెట్: 50 శాతం దగ్గర ఛార్జ్ చేసి, స్విచ్ఛాఫ్ చేసి, 32 డిగ్రీల లోపు చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టండి. ఆరు నెలలకోసారి మళ్ళీ 50 కి తీసుకురండి. ఆపిల్ కూడా తన వస్తువులకి ఇదే చెప్తుంది.

పవర్ బ్యాంక్: వాడనప్పుడు సగం, మూడు నెలలకోసారి ఒక చూపు. కార్లో మాత్రం వద్దు.

ఎలక్ట్రిక్ స్కూటర్: రెండు నెలలు ఊరెళ్తుంటే ఖాళీగానూ వదలొద్దు, ఫుల్‌గానూ వదలొద్దు. ఎంత ఉంచాలో మాన్యువల్‌లో ఉంటుంది, అదే ఫాలో అవ్వండి. పార్క్ చేసినా లోపలి ఎలక్ట్రానిక్స్ కొంచెం తాగుతూనే ఉంటాయి, నెలకోసారి ఎవరినైనా చూడమనండి.

రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్: బొమ్మలోంచి, రిమోట్‌లోంచి తీసి విడిగా పెట్టండి. వాడే ముందు ఛార్జ్ చేసుకోండి.

ఇన్వర్టర్, బైక్ బ్యాటరీ, సీసం రకం దోమల బ్యాట్: ఎప్పుడూ ఫుల్, నెలకోసారి టాప్ అప్.

అన్నిటికీ ఒకటే గుర్తు: మూత లేచినా, ఉబ్బినా, పుల్లటి వాసన వచ్చినా ఛార్జర్ దగ్గరికే తీసుకెళ్ళొద్దు.

అంతే ఫ్రెండ్స్. ఈ ఆదివారం ఒక పది నిమిషాలు ఆ డ్రాయర్ తెరిచి చూడండి. అందులో ఉన్న ప్రతి ఫోన్ వెనక మూతని వేలితో ఒకసారి తడిమి చూడండి. మీ అమ్మమ్మకో, నానమ్మకో ఈ వీడియో చూపించండి, వాళ్ళ బీరువాలో ఏముందో మనకి తెలీదు కదా. వచ్చే ఎపిసోడ్‌లో ఫాస్ట్ ఛార్జింగ్ బ్యాటరీని నిజంగా పాడుచేస్తుందా అనేది చూద్దాం. అప్పటిదాకా ఉంటాను, బై.