మేడ్చల్ దారిలో పుట్టిన కామెర్ల టీకా
ఈస్టు కణంలోని 'తూము' తెరిచిన శాస్త్రజ్ఞులు

కొంపల్లి: సికింద్రాబాద్ నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ వెళ్లే రహదారిపై రోజూ వేలాది మంది తిరుగుతుంటారు. పసిపిల్లలను కాపాడే ఒక టీకాకు ఈ దారితో సంబంధం ఉందన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. హెపటైటిస్-బి అనే కామెర్ల జబ్బుకు జన్యు విజ్ఞానం సాయంతో మన దేశంలో తయారైన తొలి టీకా 1997 ఆగస్టులో విడుదలైంది. దానిని తయారుచేసిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తన కర్మాగారాన్ని మేడ్చల్ సమీపంలోని అత్వెల్లిలో నెలకొల్పింది.

కామెర్లన్నీ ఒకటి కావు

కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. 'బి' రకం అలాంటిది కాదు. ఇది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం వల్ల సోకుతుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దవారికి సోకితే నూటికి 95 మంది బయటపడతారు. పుట్టుకతోనే సోకిన బిడ్డల్లో మాత్రం నూటికి 90 మందిలో అది జీవితాంతం తిష్ఠ వేస్తుంది. పైకి ఏమీ కనిపించకుండానే ఏళ్ల తరబడి కాలేయాన్ని పాడుచేస్తుంది. కొందరికి కేన్సర్‌గా మారుతుంది.

పశువుల దాణా కోసం వెతికితే

ఈ టీకాను తయారుచేసేది ఈస్టు. కల్లును పొంగించే సూక్ష్మజీవుల జాతికి చెందినదే ఇది. దీని పేరు పిచియా పాస్టోరిస్. కల్తీ సారాలో కలిసి మనుషుల కళ్లను, ప్రాణాలను తీసే మిథనాల్ దీనికి ఆహారం! దీనిని పెంచి పశువులకు, కోళ్లకు దాణాగా అమ్మాలని 1970 దశకంలో అమెరికాలోని ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ ప్రయత్నించింది. చమురు సంక్షోభంతో మిథనాల్ ధర పెరిగి ఆ ఆలోచన మూలపడింది.

అయితే జేమ్స్ క్రెగ్ తదితర శాస్త్రజ్ఞులు ఈ ఈస్టులో మరో ఉపయోగం చూశారు. మిథనాల్‌ను అరిగించుకోవడానికి ఈస్టుకు ఒక ఎంజైము కావాలి. ఎనిమిది సమానమైన ముక్కలు కలిసి ఏర్పడిన ఈ ఎంజైము ప్రాణవాయువును అందుకోవడంలో బలహీనమైనది. ఒక్క కూలి పని సరిగా చేయలేకపోతే పదిమందిని పెట్టినట్లు, ఈస్టు ఆ ఎంజైమును కుప్పలుగా తయారుచేస్తుంది. కణంలో కరిగి ఉండే మాంసకృత్తుల్లో దీని వాటా నూటికి 30 వంతుల దాకా చేరుతుంది.

చెరువుకు తూము ఎలాగో ఈ ఎంజైము జన్యువుకు ముందున్న మీట అలాగ. చక్కెర ఉన్నంతసేపు అది మూసుకొని ఉంటుంది. చక్కెర అయిపోయి మిథనాల్ అందగానే తెరుచుకుంటుంది. శాస్త్రజ్ఞులు 1985లో ఈ జన్యువును వేరుచేశారు. కామెర్ల వైరసు పైపొరను తయారుచేసే జన్యువును ఆ తూము వెనుక అమర్చారు. మిథనాల్ పోయగానే ఈస్టు ఆ పైపొరను విస్తారంగా తయారుచేసింది. ఈ ఫలితాన్ని 1987లో ప్రకటించారు. టీకాలో ఉండేది ఈ పైపొర మాత్రమే. వైరసు ఉండదు కనుక టీకా వల్ల జబ్బు వస్తుందన్న భయం అక్కరలేదు.

వందల నుంచి యాభైకి

నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా సంస్థను స్థాపించారు. దానికి తన తల్లి పేరు పెట్టుకున్నారు. అప్పట్లో దిగుమతి అయ్యే టీకా ఒక్కో మోతాదుకు వందల రూపాయలు ఉండేది. కూలి చేసుకునేవారు ముగ్గురు పిల్లలకు మూడేసి మోతాదులు వేయించడం ఊహకందని మాట. శాంతా శాస్త్రజ్ఞులు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, తరువాత హైదరాబాద్‌లోని సిసిఎంబి పరిశోధనశాలలోను శ్రమించి, పిచియా ఈస్టుతోనే టీకా సాధించారు. దాని ధర దాదాపు 50 రూపాయలు! పోటీ పెరిగిన కొద్దీ ధర ఇంకా దిగివచ్చింది. 2009లో ఈ సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది.

తల్లిదండ్రులకు మనవి

నేడు ఈ టీకాను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటిది పడాలి. ఆ తరువాత 6, 10, 14 వారాలకు వేసే అయిదు జబ్బుల టీకాలో ఇది కలిసే ఉంటుంది. పురుడు పోసుకొని ఇంటికి బయలుదేరే హడావుడిలో మొదటి టీకా మరిచిపోరాదు. తల్లి నుంచి సోకే ప్రమాదాన్ని ఆపడంలో దానిదే ముఖ్యపాత్ర. గర్భిణులు రక్తపరీక్ష తప్పక చేయించుకోవాలి. కళ్లు పచ్చబడితే పసరు మందుతో కాలక్షేపం చేయకుండా ముందు ఏ రకం కామెర్లో తేల్చుకోవాలి.

ఒకనాడు డబ్బున్న ఇళ్లకే పరిమితమైన రక్ష నేడు ప్రతి గడపకూ అందుబాటులో ఉంది. ఆ 24 గంటలు దాటకుండా చూసుకోవడం మన చేతుల్లోని పని.