మీకు తెలుసా? బడంగ్‌పేట్ పక్కనే యూరప్!

సంక్రాంతి సెలవులకు యూరప్ వెళ్లేవాళ్లు బడంగ్‌పేట్ నుంచి శంషాబాద్ వెళ్లి విమానమెక్కుతారు. బడ్జెట్ కుదరకపోతే హైదరాబాద్ పాతబస్తీ వైపు సిటీ బస్సెక్కినా ఆ ముచ్చట కొంత తీరుతుంది.

• ఫలక్‌నుమా ప్యాలెస్‌కు ‘పైగా’ వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేశారు. ఇటాలియన్ పాలరాయి మెట్లున్న ఈ భవనంలో 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల ఉంది. 2010 నుంచి ఇది హోటల్.

• రోమ్‌లో శిల్పి బెంజోనీ చెక్కిన ‘వెయిల్డ్ రెబెకా’ విగ్రహాన్ని హైదరాబాద్ ప్రధాని మొదటి సాలార్ జంగ్ 1876లో కొన్నారు. సాలార్ జంగ్ మ్యూజియంలో దగ్గరకెళ్లి చూడండి: ముసుగూ రాయే, ముఖమూ రాయే. అయినా పల్చటి ముసుగు చాటున ముక్కు, పెదవులు స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడి గడియారంలో గంట కొట్టేందుకు బయటికొచ్చే గడ్డమున్న మనిషి బొమ్మ కోసం పిల్లలు ముందే చోటు పట్టుకుంటారు.

• కోఠిలో మహిళా కళాశాల నడిచిన భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హయాంలో 1803లో పని మొదలైంది. ముందు ఎత్తయిన కొరింథియన్ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు.

• నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో మరణించారు. మూసారంబాగ్ దగ్గరున్న ఆయన సమాధిపై ‘జె.ఆర్.’ అక్షరాలున్నాయి.

గుర్తుంచుకోండి: సాలార్ జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఫలక్‌నుమా చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి.