స్కూల్ కంప్యూటర్లలో విండోసే ఉండాలా? కేరళ బడులు లినక్స్‌కు ఎలా మారాయి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సాధారణ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. ఇంట్లో అయితే ఎలాగోలా కొత్త ల్యాప్‌టాప్ కొంటాం. మరి పాత డెస్క్‌టాప్‌లతో నడిచే స్కూల్ ల్యాబ్‌ల సంగతేంటి? వాటిని పక్కన పడేయక్కర్లేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనే దారి ఒకటుంది.

ఓపెన్ సోర్స్ అంటే?

కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వొచ్చు. నెల రోజులు వాడనిచ్చి తర్వాత డబ్బులడిగే ట్రయల్ యాప్ లాంటిది కాదు. ఎన్ని కంప్యూటర్లలో వేసినా, పిల్లలు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లినా తప్పు కాదు.

కేరళ ఏం చేసింది?

అక్కడ 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ ప్రాజెక్టు మొదలైంది. తొలినాళ్లలో విండోసే నేర్పేవారు. ఒక కంపెనీ సరుకును పాఠంగా చెప్పడమేంటని ఉపాధ్యాయుల నుంచే అభ్యంతరాలొచ్చాయి. క్రమంగా బడులు లినక్స్‌కు మారాయి. ఆ ప్రాజెక్టే 2017లో ‘కైట్’ అనే ప్రభుత్వ కంపెనీ అయింది. ఉబుంటు ఆధారంగా అది తయారుచేసిన సిస్టమ్‌లో లిబ్రేఆఫీస్, జియోజీబ్రా, జింప్ వంటివి ముందే ఉంటాయి. దీనివల్ల 3 వేల కోట్ల రూపాయలు ఆదా అయ్యాయన్నది కైట్ లెక్క. అసలు కొనని సాఫ్ట్‌వేర్‌కు కట్టిన లెక్క కాబట్టి దాన్ని అంచనాగానే చూడాలి.

నిజానికి డబ్బు కంటే రెండు నిర్ణయాలు ఎక్కువ పనిచేశాయి. పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్షనూ లినక్స్ మీదే పెట్టారు. దాంతో ల్యాబ్‌కు తాళం వేసి ఉంచే వీల్లేకపోయింది. రెండోది, టీచర్ల నుంచే మాస్టర్ ట్రైనర్లను తయారుచేశారు. మౌస్ కదలకపోతే బయటి టెక్నీషియన్ కోసం వారాలు ఎదురుచూసే బాధ అలా తగ్గుతుంది.

మన దగ్గర చిక్కేంటి?

లైసెన్స్ ఫీజు లేదంటే ఖర్చే లేదని కాదు. శిక్షణకు, రిపేర్లకు డబ్బు కావాలి. తెలుగుకు ఇంకో తలనొప్పి ఉంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత ప్రశ్నపత్రాల్లాంటివి లినక్స్‌లో సరిగా తెరుచుకోకపోవచ్చు. అందులోని టెక్స్ట్‌ను కాపీ చేసినా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. యూనికోడ్‌లో టైప్ చేసిన తెలుగుకు ఈ సమస్య లేదు. హైదరాబాద్‌కు చెందిన ‘స్వేచ్ఛ’ వలంటీర్లు ఓపెన్ సోర్స్‌లో తెలుగు కోసం ఏళ్లుగా పనిచేస్తున్నారు.

ఇంట్లో చూడాలంటే?

ఉబుంటును ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. పెన్‌డ్రైవ్ సిద్ధం చేసేటప్పుడు అందులోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. కావాల్సినవి ముందే వేరేచోట కాపీ చేసుకోండి.