ఇంట కల్లు: ఎంపికయు, వడ్డనయు



అమరకోశమును బోధించి తల నెరసిన పంతులు కల్లును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోపవచ్చును. ఆ కోశమునందే ఆసవము, మైరేయము, శీధువు అను మద్యనామములు గలవు. నేను త్రాగువాడను గాను. అయినను మా గోపాలుపేట ప్రాంతమున పండుగలకును, పెండ్లిండ్లకును కల్లు దెచ్చు ఇండ్లు పెక్కు. తెచ్చువారు తెలిసి తెచ్చుట మేలు.

ఈత, తాటి చెట్లనుండి కారు రసము స్వభావముచే తీయనిది. లొట్టిలోపల సున్నము పూసి పట్టినచో త్వరగా పులియదు, అదియే నీరా. సున్నము లేనిచో సూక్ష్మజీవులు అందలి చక్కెరను మద్యసారముగా మార్చును. కొన్ని గంటలలోనే అది నూటికి సుమారు 4 పాళ్ళు చేరును. మరునాటికి పులుపెక్కి, క్రమముగా సిర్కా యగును. కావున ఉదయము దింపినదానిని ఆనాడే ముగింపవలెను.

వడ్డించువారు దానిని శుభ్రమైన గుడ్డతో వడగట్టి, మట్టికుండలో నీడపట్టున నుంచవలెను. వట్టి కడుపున నీయరాదు. ముందు గుడాలైనను పెట్టుడు. వలదన్నవానిని బలవంతపెట్టకుడు. బాలురకు, గర్భిణులకు, నిద్రమాత్రలు వాడువారికి అసలే యీయకుడు.

ఇక ఎంపిక. చెట్లు చాలనిచోట కొందరు నీటిలో చక్కెరతోపాటు క్లోరల్ హైడ్రేటు, డైజీపాము, ఆల్ప్రాజోలాము వంటి మత్తుమందులను గలిపి కల్లని యమ్ముదురు. రంగును, నురుగును, రుచిని జూచి దీనిని గుర్తింపలేము. పరీక్షింపవలసినది కల్లును గాదు, అది వచ్చిన త్రోవను. మీ యెదుట చెట్టు దిగిన గౌడన్న చేతి లొట్టినుండి కొనుడు. చెట్టేదో తెలియని కల్లును ఇంటికి దేకుడు.

నా పూర్వశిష్యు డొకడు అట్టి కల్లునకు బానిసయయ్యెను. "నేటినుండి మానుము" అని గద్దించితిని. గురువాజ్ఞ యని మానెను. మూడవనాడు చేతులు వణికి, మతి దప్పి, మూర్ఛలు వచ్చెను. వైద్యుడు కాపాడినాడు గాని, నా హితవే వానికి అహితమయ్యెను. మత్తుమందున కలవాటుపడిన దేహమునకు అది హఠాత్తుగా నందకున్న నిట్లగునని నాకపుడు తెలియదు. 2015లో నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో కల్తీని అరికట్టినపుడు అనేకు లిట్లే ఆసుపత్రుల పాలైరి.

కావున అట్టివారిని మాన్పదలచినచో ముందు వైద్యునికడకు గొనిపొండు. ఆయన క్రమముగా మాన్పించును. గద్దింపు మందు గాదని ఈ ముసలి పంతులు ఆలస్యముగా నేర్చిన పాఠము. మీరు ముందే నేర్తురుగాక!